బోడిమిట్ట సమాధికి దొరికిన ముద్దాయి

2022. చిత్తూరు జిల్లాను చీల్చి తిరుపతిని వేరే జిల్లా చేసిన ఏడాది అది. ఏ మండలం ఏ జిల్లాలోకి పోయిందో, ఏ ఫైలు ఏ బీరువాలో చేరిందో తెలీక ఆఫీసులన్నీ తికమకపడుతున్నాయి. నేను అప్పుడు తిరుపతిలో ఉంటూ పురావస్తు సర్వేలో టెక్నికల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. పేరు గొప్పగా ఉన్నా పని మాత్రం కాళ్ళతో చేసేదే. ఊర్లు తిరగడం, పాత గుళ్ళు, శాసనాలు, సమాధులు ఎక్కడున్నాయో అడిగి తెలుసుకోవడం, కొలవడం, ఫోటో తీయడం, మ్యాపులో గుర్తు పెట్టడం. మాది నగరి. మా నాయన మరమగ్గాల మనిషి. నా ఉద్యోగం గురించి ఎవరన్నా అడిగితే "మా పాప రాళ్ళ ఆఫీసులో ఉండాది" అని చెప్పేవాడు. అందులో తప్పేమీ లేదు.

ఈ రాళ్ళ ఉద్యోగంలో విరిగిన విగ్రహాలు చూసినాను, సున్నం కొట్టేసిన శాసనాలు చూసినాను, శాసనం ఉన్న బండమీద బట్టలుతికే వాళ్ళనీ చూసినాను. వాటికి బాధపడినాను గానీ కోపం రాలేదు, తెలీక చేసిన పనులు అవి. కోపం వచ్చింది బోడిమిట్ట కేసులోనే. ఇప్పటికీ తగ్గలేదు.

పాకాల నుంచి చిత్తూరు పోయే దారిలో బస్సు దిగి, మామిడితోటల మధ్య మట్టిబాటలో పైకి ఎక్కితే బోడిమిట్ట వస్తుంది. ఈ పేరు మ్యాపులో వెతకొద్దు. సమాధులు కొన్ని ఇంకా మిగిలి ఉన్నాయి గనక అసలు పేరు నేను రాయడం లేదు. పైకి ఎక్కినాక చెట్టన్నది ఉండదు. బోదగడ్డి, తంగేడు, అక్కడక్కడా బలుసుపొదలు, నల్లటి పరుపుబండలు. ఎప్పుడూ గాలి. రెవెన్యూ లెక్కల్లో అది గుట్ట పోరంబోకు, అంటే ఎవరిదీ కాని భూమి. ఎవరిదీ కానిది అనుకున్న చోట ఎవరైనా ఏమైనా చేయొచ్చని మనవాళ్ళకు ఒక నమ్మకం.

ఆ మిట్ట మీద గుండ్రంగా పేర్చిన పెద్ద పెద్ద గుండ్లు, వాటి నడుమ రాళ్ళ కుప్పలు ఉన్నాయి. ఊరివాళ్ళు రాకాసి గుళ్ళు అంటారు. మా భాషలో కెయిర్న్ సర్కిల్ అంటాం. రాళ్ళకుప్ప కింద నాలుగు వైపులా రాతి పలకలు నిలబెట్టి పెట్టె మాదిరి చేస్తారు, అది సిస్ట్. దానిపైన మూతగా వేసే పెద్ద బండ క్యాప్‌స్టోన్. లోపల చనిపోయినవాళ్ళ ఎముకలు, వాళ్ళకు పెట్టిన కుండలు, ఇనుప కత్తులు ఉంటాయి. రెండు వేల ఏళ్ళ పైమాటే. రాజులు, శాసనాలు, గుళ్ళు ఇవేవీ ఈ నేలమీద లేని కాలంలో ఇక్కడ బతికిన మనుషులు తమవాళ్ళను పడుకోబెట్టిన చోటు.

ఆ ఎండాకాలం సర్వేకి పోయినప్పుడు నాకు చెంగల్రాయుడు కనబడినాడు. యాభై దాటిన మనిషి. మేకలూ గొర్రెలూ కలిపి మందను ఆ మిట్ట మీదే మేపుతాడు. నేను టేపు పట్టుకొని ఒక్కదాన్నే తంటాలు పడుతుంటే అడక్కుండానే వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. కొంతసేపు చూసి అడిగినాడు.

"మేడం, దీంట్లో బంగారం ఉండాదంట కదా?"

"లేదన్నా. ఇవి సమాధులు. ఎముకలూ కుండలే ఉంటాయి."

"సమాధులా?" అని టేపు వదిలేసినాడు. "ఎవురివి?"

"పేర్లు తెలీవు. మనకన్నా ముందు ఈడ బతికినోళ్ళవి."

ఆయన ఒక పెద్ద మూతబండ వైపు చూసినాడు. "నేను దినామూ ఆ బండమీద కూసోని సద్ది తింటి కదమ్మా. మా నాయన కూడా ఆడనే తినె." తర్వాత తలగుడ్డ విప్పి, ఆ బండకు ఒక దండం పెట్టి, మళ్ళీ వచ్చి టేపు పట్టుకున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం సద్దిమూట తీసుకొని దూరంగా బలుసుపొద నీడకు పోయినాడు.

పోయేముందు నా ఫోన్ నంబరు ఇచ్చినాను. ప్రతి ఊర్లోనూ మేం చెప్పే మాటే ఆయనకూ చెప్పినాను. ఎవరన్నా వచ్చి ఈ రాళ్ళను కదిలిస్తే 100కి ఫోన్ చెయ్యి, నాకూ చెయ్యి అని.

"నా మాట పోలీసోళ్ళు ఇంటారా మేడం?"

"ఎందుకు వినరు? అది వాళ్ళ పని కదా" అన్నాను.

వానలు వెనకబట్టినాక, ఒక అమావాస్య మరుసటి రోజు పొద్దున్నే ఆయన ఫోన్ చేసినాడు. "మేడం, నేను కూసునే బండ ఉండ్లా, అది ఎత్తి పారేసినారు. లోపలంతా కెలికేసినారు. పోలీసులకు చేసినా. వస్తామన్నారు. మీరు బిరీన రాండి."

నేను తిరుపతిలో బస్సెక్కి, పాకాలలో దిగి, ఆటో మాట్లాడుకొని మిట్ట కింద దిగేటప్పటికి మధ్యాహ్నం అయింది. పైకి ఎక్కితే చెంగల్రాయుడు లేడు. మేకలు మాత్రం ఉన్నాయి. వాటి పక్కన ఒక ఆమె కర్ర పట్టుకొని నిలబడి ఉంది. నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

"రాళ్ళ మేడం నువ్వేనా?"

"అవునక్కా. చెంగల్రాయుడన్న ఏడీ?"

"నన్నడగతావా? నువ్వు సెప్పినావని ఫోన్ సేసినాడు. పోలీసోళ్ళు వచ్చి ఆయన్నే జీపులో ఏసుకోని పోయినారు. ఈయమ్మి ఫోన్ సెయ్యమనింది, ఫోన్ సేసినా అని నీ పేరే సెప్తా ఉండాడు ఆడ. ఎవురింటారు?"

ఆమె ఆయన భార్య మునెమ్మ. కళ్ళల్లో నీళ్ళు లేవు, మంటే ఉంది. స్టేషన్‌కు పోతాను, ముందు ఇక్కడ ఏం జరిగిందో చూడనివ్వక్కా అని బతిమాలినాను. "సూడు. సూసేదానికేగా నీకు జీతం" అని పక్కకు జరిగింది.

అక్కడ చూసింది చెప్తే గానీ నా కోపం మీకు అర్థం కాదు. క్యాప్‌స్టోన్ ఒక పక్కకు తోసేసి ఉంది. సిస్ట్ పలకల్లో రెండు విరిగి, ఒకటి వాలిపోయి ఉంది. లోపలి మట్టిని బయటికి తోడి కుప్ప పోసినారు. ఆ కుప్ప నిండా కుండపెంకులు. లోపల నలుపు, బయట ఎరుపు ఉండే ఆ కాలపు కుండలు. మట్టిలో ఉన్నన్నాళ్ళూ పగలనివి, ఆ ఒక్క పూటలో పగిలినాయి. పాత పగులు మట్టి పట్టి మురికిగా ఉంటుంది, కొత్త పగులు ఇటుకపొడి మాదిరి ఎర్రగా మెరుస్తుంది. అన్నీ కొత్త పగుళ్ళే. గుంత గట్టున నిమ్మకాయలు, కుంకుమ, కొట్టిన టెంకాయ. దొంగతనానికి కూడా పూజ చేసి మొదలుపెట్టినారు.

పెంకుల్లో కొన్ని దళసరిగా, కింద చిన్న చిన్న కాళ్ళతో ఉన్నాయి. సార్కోఫేగస్ అంటాం దాన్ని, కాల్చిన మట్టితో చేసిన శవపేటిక. మన దక్షిణాన ఇలా కాళ్ళున్న తొట్లు దొరుకుతాయి. నేను చూసినవన్నీ మనిషి పట్టేంతవి. ఇది మాత్రం పొట్టిగా ఉంది. పెంకులు పక్కపక్కన పెట్టి చూసినాను. ఎట్లా పెట్టినా పెద్దవాళ్ళు పట్టే కొలత కాదు. అది పసిబిడ్డది.

ఆ పెంకులు చేతిలో పట్టుకొని చాలాసేపు అట్లానే కూర్చున్నాను. తర్వాత పని చేసుకోవాలి గనక లేచినాను. విరగని పలకల మీద వరసగా లోతు గీతలు పడి ఉన్నాయి. జేసీబీ బకెట్ పళ్ళ గీతలు. మేం వీటిని టూల్ మార్క్స్ అంటాం, పనిముట్టు వదిలిన గుర్తులు. గీతల మధ్య దూరం సమానంగా ఉంది, నడిమి గీత ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ. ప్రతి వరసలోనూ అంతే. అంటే ఆ బకెట్‌కు నడిమి పన్ను లేదు. స్కేలు పెట్టి అన్నింటికీ ఫోటోలు తీసినాను. బండి చక్రాల జాడ బోదగడ్డిని నలుపుకుంటూ మిట్ట దిగి, కిందున్న పెద్ద మామిడితోట గేటు దాకా పోయింది. ఆ తోట ఆసామి ఆ చుట్టుపక్కల పలుకుబడి ఉన్నవాడు. ఆయన పేరు ఇక్కడ అనవసరం.

స్టేషన్‌లో చెంగల్రాయుడు గోడకు ఆనుకొని నేలమీద కూర్చొని ఉన్నాడు. ఎస్సై బల్లమీద ఆయన తలగుడ్డ, మూట కట్టి ఉంది.

"మంచి టైముకు వచ్చినారు మేడం. ఇది ఏందో మీరే చెప్పాల. వీడి దగ్గర దొరికింది" అని ఎస్సై మూట విప్పినాడు. లోపల కొన్ని ఎముక ముక్కలు, రెండు మూడు పెంకులు, చిన్న చిన్న పళ్ళు. పాలపళ్ళు.

"ఎందుకన్నా మూట కట్టినావు?" అని అడిగినాను.

"బిడ్డ పండ్లు మేడం అవి. మట్టికుప్పమీద పడుండాయి. కుక్కలు తిరగతా ఉండె. ఎత్తకపోతాయని మూట కట్టి పెట్టినా. మీరొస్తే ఇస్తామని."

"చూసినారా? నిధి తవ్వినోడి చేతిలోనే సమాధిలోని వస్తువులు" అన్నాడు ఎస్సై.

"ఫోన్ చేసింది ఆయనే కదా సార్."

"దొంగే ముందు దొంగ దొంగ అని అరిచేది. మా సర్వీసులో ఎన్ని చూళ్ళేదు?"

"సార్, ఆ మూతబండ మీరు చూసినారా? నలుగురు గడ్డపారలు వేసినా కదిలేది కాదు. పలకలమీద జేసీబీ పళ్ళ గీతలు ఉన్నాయి. చక్రాల జాడ మామిడితోటలోకి పోయింది."

ఎస్సై నావైపు కాకుండా ఫ్యాను వైపు చూసినాడు. "ఏ జేసీబీ? మాకు యాడా కనబడలేదే. మీరు రాళ్ళు చదివినారు మేడం. మనుషుల్ని చదివేది మా పని." తర్వాత చెంగల్రాయుడి వైపు తిరిగి, "బంగారం యాడ పెట్టినావో చెప్పు, పోదువు" అన్నాడు.

బంగారం! ఆ సమాధులు కట్టిన మనుషుల దగ్గర బంగారం ఉందో లేదో గానీ, వాళ్ళు చనిపోయిన బిడ్డ పక్కన పెట్టింది మాత్రం అన్నం కుండ, నీళ్ళ కుండ. లేని బంగారం కోసం ఒకడు పసిబిడ్డ సమాధి తవ్వినాడు. లేని బంగారం చూపించమని ఇంకొకడు మేకలకాపరిని స్టేషన్‌లో కూర్చోబెట్టినాడు. అదే మాట ఎస్సైతో అన్నాను. ఆయన నవ్వి టీ తెప్పిస్తానన్నాడు. నిధుల చట్టం కింద కేసు రాసి, మరునాడు చెంగల్రాయుడిని రిమాండుకు పంపినారు.

మా పై అధికారికి ఫోన్ చేసినాను. చెడ్డవాడు కాదాయన. అంతా విని, "ఆ తోట ఎవరిదో కనుక్కున్నావా అమ్మా?" అన్నాడు. "ఆ మిట్ట ప్రొటెక్టెడ్ సైటు కూడా కాదు. మన బోర్డు లేదు. మనం సర్వే చేస్తాం, కేసులు చేయం. రిపోర్టు పంపించి వచ్చెయ్." బోర్డు పెట్టమని ఎండాకాలంలోనే రాసినాను సార్ అంటే, "పెడదాం, పెడదాం" అన్నాడు. ఉన్నప్పుడు కాపాడడానికి బోర్డు లేదు, పోయినాక అడగడానికీ బోర్డు లేదు.

ఆ రాత్రి పాకాలలోనే ఉండిపోయి, పొద్దున్నే మళ్ళీ మిట్టకు పోయినాను. మిగిలిన పెంకులు, మట్టిలో ఉన్న ఎముకలు వానొచ్చేలోపల ఏరాలి. గుంతలోకి దిగి జల్లెడ పట్టుకుంటుంటే కిందనుంచి ఇంజను చప్పుడు వినిపించింది. జేసీబీ ఎక్కి వస్తోంది. దాని వెనక బైకుమీద తోట ఆసామి.

"ఏం మేడం, గుంతలో ఏం చేస్తా ఉండారు?" తెల్లచొక్కా, మెత్తటి మాట. "రాండి పైకి. మేకలు పడి కాళ్ళిరగ్గొట్టుకుంటాయని పూడిపిస్తా ఉండా. ఊరికి మంచిదే కదా?"

"ఇది కేసులో ఉన్న చోటు. పూడ్చకూడదు."

"కేసా? ముద్దాయి దొరికిపోయె కదా. ఇంక గుంతతో ఏం పని?"

నాకు భయం వేసింది, కాదనను. పైకి మాత్రం రాలేదు. సిస్ట్ పలకకు వీపు ఆనించి అక్కడే కూర్చున్నాను. ఆసామి డ్రైవర్‌కు సైగ చేసినాడు. బండి ముందుకు కదిలింది. అప్పుడు మునెమ్మ కేకవేసింది, మేకలను. ఎక్కడుందో ఏమో, మందనంతా అదిలించుకుంటూ వచ్చి జేసీబీకీ గుంతకూ మధ్యన నింపేసింది. తాను పోయి, తోసేసిన మూతబండ మీద ఎక్కి కూర్చుంది.

"ఏయ్ మునెమ్మా, మేకల్ని తోలుకో. నీ మేకల కోసమే పూడిపిచ్చేది."

"నా మేకలు పడితే నేను ఏడుస్తాలేప్పా. నీకేల అంత దుఃఖం?" అంది. "నా మొగుణ్ణి లోపలేసినారు. ఇంక నన్నూ ఏపిచ్చు. మేకల్ని నువ్వే మేపుకో."

డ్రైవర్ ఇంజను ఆపేసినాడు. మేకల మీదకి బండి ఎక్కించలేడు, మనుషుల మీదకి అంతకన్నా లేడు. ఆసామి వాణ్ణి తిట్టినాడు, ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడినాడు. నేను గుంతలోనుంచి లేచి బండి దగ్గరికి పోయినాను. బకెట్ నేలకు ఆని ఉంది. నడిమి పన్ను లేదు. స్కేలు పెట్టి ఫోటో తీసినాను. పళ్ళ మధ్య దూరం, నిన్న పలకలమీద కొలిచిన దూరం ఒకటే. డ్రైవర్ కిందికి చూస్తూ, "బండి నాది కాదు మేడం. పొమ్మన్న చోటికి పోతా" అని గొణిగినాడు. ఆసామి బైకు తిప్పుకొని దిగిపోయినాడు. కాసేపటికి బండి కూడా దిగిపోయింది.

మునెమ్మ బండమీదినుంచి దిగి గుంత అంచుకు వచ్చి నిలబడింది. "ఇంకా ఏమన్నా మిగిలిందా ఆ బిడ్డది?" అని అడిగింది. ఉందక్కా అన్నాను. చీర కొంగు బిగించి తానూ లోపలికి దిగింది. ఆ రోజంతా మేమిద్దరం మట్టి జల్లించినాం.

ఆ ఫోటోలు తీసుకుపోయి చూపిస్తే ఎస్సై ఏమన్నాడో తెలుసా? మొదట, ఆ గీతలు పూడ్చేటప్పుడు పడినవేమో అన్నాడు. ఫోటోలు ముందురోజువి సార్, బండి గుంతను తాకనేలేదు అన్నాను. అప్పుడు, "మండలంలో పన్ను ఊడిన జేసీబీ ఇదొకటేనా మేడం?" అన్నాడు. నిజం తెలుసుకోవాలని లేనివాడికి ఎన్ని రుజువులు చూపినా ఇంకొకటి తక్కువే పడుతుంది.

ఆఫీసువాళ్ళు వద్దన్నా రిపోర్టు వివరంగా రాసి, ఫోటోలు జతచేసి పంపినాను. ఒక నకలు, ఉచిత న్యాయసహాయం కింద చెంగల్రాయుడికి ఇచ్చిన లాయరమ్మ చేతికి ఇచ్చినాను. ఆ అమ్మాయి దాన్ని శ్రద్ధగా చదివి, నన్ను పిలిపించమని కోర్టును అడిగింది. మేజిస్ట్రేటుగారు అన్ని ఫోటోలూ చూసి నన్ను ఒకే మాట అడిగినారు.

"ఈ బండను ఈ మనిషి ఒక్కడే లేపగలడా?"

"లేపలేడండి. మనుషులు ఎత్తిన గుర్తులు కావు అవి. ఇనుప పళ్ళతో ఒక్కసారిగా తోసినవి."

"మరి ఆ మూట?"

"నిధి కోసం తవ్వినవాళ్ళు పాలపళ్ళు మూట కట్టుకోరండి. పారేస్తారు. పారేసిన వాటిని ఈయన ఏరినాడు."

బెయిలు వచ్చింది. చివరి రిపోర్టు రాసేటప్పటికి పోలీసులు ఆయన పేరు తీసేసినారు. ఆయన పేరు ఉన్నచోట "గుర్తు తెలియని వ్యక్తులు" అని రాసి కేసు మూసేసినారు. తోట పేరు, బండి పేరు, పన్ను సంగతి ఎక్కడా లేవు. అందరికీ తెలిసిన మనిషిని గుర్తు తెలియని వ్యక్తి చేయడం కూడా ఒక విద్యే.

నేను గెలిచినామనుకున్నాను. అది నా అమాయకత్వం. చెంగల్రాయుడు బయటికి వచ్చినాక పలకరిద్దామని వాళ్ళ ఊరికి పోయినాను. నట్టింట్లో నేలంతా తవ్వేసి ఉంది. పొయ్యి దగ్గర ఒక గుంత, దూలం కింద ఒక గుంత. కోర్టు వాయిదాకు మొగుడూ పెళ్ళాం పోయిన రోజు ఎవరో వచ్చి తవ్వినారంట. పోలీసులు పట్టుకున్నారంటే బంగారం దొరికే ఉంటుంది, వదిలేసినారంటే ఎక్కడో దాచే ఉంటాడు అని ఊరి లెక్క. సొంత అల్లుడే వచ్చి, "మామా, మాకూ ఇంత ఇయ్యి" అని అడిగిపోయినాడంట.

"సమాధి తవ్వినోళ్ళని ఇడిసిపెట్టినారు. నా ఇల్లు గూడా తవ్వేసినారు మేడం" అన్నాడు ఆయన. కోపంగా కాదు, వాన పడలేదని చెప్పినట్టు చెప్పినాడు. ఆ మాట తీరే నన్ను ఎక్కువ కోసింది.

జైల్లో ఉన్న వారాల్లో సగం మేకలు అమ్మేసినారు. మిగిలినవాటిని రోడ్డు పక్క మేపుతున్నాడు. మిట్టకు పోవడం లేదా అని అడిగితే, "పోను మేడం. పోతే ఏమన్నా కనబడతాది. కనబడితే సెప్పాలనిపిస్తాది" అన్నాడు.

ఆ తర్వాతి వేసవిలోపల ఆ మిట్టమీద ఇంకో రెండు సమాధులు పోయినాయి. ఈసారి ఎవరూ ఫోన్ చేయలేదు. నేను మామూలు సర్వేకు పోతే గుంతలు కనబడినాయి, అంతే. ఆ మిట్టకు రెండు వేల ఏళ్ళుగా కాపలా ఎవరూ లేరు, అవసరమూ పడలేదు. అవసరం పడినప్పుడు దొరికిన ఒకే ఒక కాపలాదారుని మనమే తీసుకుపోయి లోపల వేసినాం. మనమే అని ఎందుకంటున్నానంటే, ఆ జీపూ ప్రభుత్వానిదే, నా జీతమూ ప్రభుత్వానిదే.

ఆ చిన్న తొట్టిని అతికించడానికి నాకు చాలా కాలం పట్టింది. వెతికితే దాదాపు అన్ని పెంకులూ దొరికినాయి. పూర్తయినాక చెంగల్రాయుడికీ మునెమ్మకీ కబురు పెట్టినాను. ఆయన రాలేదు. ఆమె ఒక్కతే తిరుపతి బస్సెక్కి వచ్చింది. ఆఫీసు వెనక గదిలో చెక్క బల్లమీద ఉన్న దాని చుట్టూ ఒకసారి తిరిగింది. ముట్టుకోవచ్చా అని అడిగి, అంచుమీద చెయ్యి పెట్టింది.

"తొట్టిలి మాదిరే ఉండాదే" అంది. మా వైపు ఉయ్యాలను తొట్టిలి అంటారు. "కాళ్ళు గూడా పెట్టినారు. తడి తగలకుండా."

చదివిన పుస్తకాల్లో ఆ కాళ్ళు ఎందుకన్నదానికి రకరకాల వివరణలు ఉన్నాయి. ఆ గదిలో నేను వాటిలో ఒక్కటీ చెప్పలేదు. బిడ్డ వయసు ఎంతని అడిగింది. పళ్ళను బట్టి రెండేళ్ళో మూడేళ్ళో ఉండొచ్చన్నాను. ఆమె తల ఊపి, మధ్యాహ్నం బస్సు దొరుకుతుందని వెళ్ళిపోయింది.

ఈ కేసు నాకు నేర్పింది పురావస్తు శాస్త్రం కాదు. కనబడితే చెప్పండి, సమాచారం ఇవ్వండి, ఇది మీ బాధ్యత అని మేం ఊరూరా చెప్తుంటాం. పాంప్లెట్లు వేస్తాం, బడిపిల్లలతో ప్రతిజ్ఞ చేయిస్తాం. చెప్పినవాడి వెనక ఎవరు నిలబడతారో మాత్రం ఏ పాంప్లెట్‌లోనూ ఉండదు. పలుకుబడి ఉన్నవాడి మీద మాట చెప్పమని పలుకుబడి లేనివాణ్ణి అడగడం చాలా సులువు. ఆ మాట తిరిగి వాడి మీదే పడినప్పుడు మనకు రిపోర్టు పంపించి వచ్చేసే సౌకర్యం ఉంటుంది, వాడికి ఉండదు.

ఇప్పుడు నేను ఎవరికీ 100కి చేయమని చెప్పడం లేదు. నాకు చెయ్యండి, చాలు అంటాను. పోయిన నెల సత్యవేడు వైపునుంచి ఒకామె ఫోన్ చేసింది. చేనుగట్టున పాత సమాధి మీదకి మట్టి తవ్వే బండి వచ్చి నిలబడి ఉందని. "నా పేరు సెప్పాల్నా మేడం?" అని భయంగా అడిగింది.

"వద్దమ్మా. యాడుందో చెప్పు. నువ్వు నాకు ఫోన్ చేయలేదు, నేనే ఆ దారిన పోతా చూసినాను" అన్నాను.

ఆ సాయంత్రం అక్కడి స్టేషన్‌లో ఫిర్యాదు రాసిచ్చినాను. కింద నా పేరు, మా నాయన పేరు, మా ఇంటి అడ్రసు. రైటరు చదివి, "మీరెందుకు మేడం ఇందులో ఇరుక్కునేది, ఊర్లో ఎవురన్నా ఉంటే వాళ్ళ చేత పెట్టిద్దురు గదా" అన్నాడు.

"రసీదు ఇవ్వండి" అని కుర్చీ లాక్కొని కూర్చున్నాను.